నా చెయ్యి నాది

"ఇది నాన్న చెయ్యి!"

తమ్ముడు ఆ మాట అరవలేదు. అరిచినా బాగుండేది. కాళ్ళకున్న బూట్లు కూడా విప్పకుండా ముందుగదిలో నిలబడి, ఫోను అక్క మొహానికి జానెడు దూరంలో పెట్టి, పళ్ళ సందులోంచి అన్నాడు.

ఫోన్లో కొంగ ఉన్నాడు. కొంగ ఆమె నడిపే నాట్యబృందంలో ప్రధాన నర్తకుడు. అంతంత పొడుగు కాళ్ళు చూసి తోటివాళ్ళు పెట్టిన పేరది, ఇప్పుడు వాళ్ళమ్మ కూడా అలాగే పిలుస్తుందంటారు. నల్లటి స్టేజి మీద ఒక్కడే కుర్చీలో కూర్చున్నాడు. ఒళ్ళంతా రాయి. కుడిచెయ్యి మాత్రం వణుకుతోంది. కంటికి కనిపించని గింజనేదో నలుపుతున్నట్టు బొటనవేలు చూపుడువేలిని రుద్దుతోంది. ఆ వణుకు మణికట్టుకి పాకింది, మోచేతికి పాకింది. ఎడమచెయ్యి వచ్చి దాన్ని పట్టుకుని ఒళ్ళో అదిమింది. కాసేపటికి అదిమిన చెయ్యి కూడా వణకడం మొదలెట్టింది.

"నీకెక్కడిది?" అంది ఆమె.

"ఎక్కడిదేంటి? ఊరంతా చూస్తోంది. మీ ఆట పెట్టుకున్న హాలువాళ్ళే నెట్లో పెట్టారట. మా ఆఫీసులో పక్కసీటావిడ చూపించి, 'మీ అక్కగారిదే కదండీ, ఎంత బాగుందో' అంటుంటే నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు."

"బాగుందంటే తల ఎక్కడ పెట్టుకోవడమేంట్రా? మెడమీదే ఉంచుకో."

వేళాకోళానికి అది వేళ కాదని అన్నాక తెలిసింది. తమ్ముడు ఫోను సోఫాలోకి విసిరాడు.

"పరాచికాలా? ఇంట్లో కుర్చీలో కూలబడ్డ మనిషిని తీసుకెళ్ళి నలుగురి ముందు వెక్కిరిస్తావా?"

"అది వెక్కిరింపు కాదు."

"మరేంటి, సన్మానమా?"

"నీకర్థమయ్యేట్టు చెప్పాలంటే..."

"చెప్పకు. ఎప్పుడూ ఇదే పాట. పాటకి మాటలుండవు, ఆడేవాళ్ళ మొహంలో నవ్వుండదు, చూసేవాడికి అర్థం కాకపోతే తప్పు చూసేవాడిది. సరే, నేను మట్టిబుర్రనే. కానీ నాన్న చెయ్యి నాన్న చెయ్యే. అది గుర్తుపట్టడానికి చదువక్కర్లేదు." వాడు బూటు తాడు లాగాడు, ముడి ఇంకా బిగుసుకుంది. "ఎద్దు పుండు కాకికి ముద్దు అంటారు. నీకు ముద్దొచ్చిందే అక్కా!"

ఆ సామెత వచ్చి సూటిగా తగలాల్సిన చోటే తగిలింది.

ముద్దు రావడం కాదు. అలాగని కాదనడానికీ లేదు. ఇరవై ఏళ్ళుగా ఆమె గోదాముల్లో ఆడింది, బడి హాళ్ళలో ఆడింది, ఒకసారి నీళ్ళు తీసేసిన ఈతకొలనులో కూడా ఆడింది. అన్నేళ్ళలో ఒక్కసారి కూడా పిలవని పెద్ద హాలు మొదటిసారి పిలిచింది. పిలిచింది ఆ వణికే చేతిని చూసే. ఆ సంగతి ఆమెకి తెలుసు. అందుకే తమ్ముడి మాటకి ఒళ్ళు మండింది.

"నాన్నని అడిగావా?" అన్నాడు తమ్ముడు.

ఆమె బల్లమీద లేని దుమ్ము తుడిచింది.

"నిన్నే. నాన్నని అడిగావా?"

అడుగుదామనే అనుకుంది. మొదట్లో అడగడానికి ఏమీ లేదు. ఒకరోజు పొద్దున రిహార్సల్లో ఒళ్ళు వేడెక్కిస్తుంటే, ఆమె చెయ్యే తనంతట తాను నాన్న చెయ్యిలా వణికింది. 'ఇదేంటక్కా, బావుంది!' అంటూ కొంగ పక్కన నిలబడి అలాగే చేసి పట్టేశాడు. నాలుగు రోజులకి దానికొక కుర్చీ వచ్చింది. నెలకి ఒక సంగీతం వచ్చింది. ఆ తర్వాత హాలు వచ్చింది. ఆలస్యమయ్యేకొద్దీ అడగడం బరువైపోయింది. రేపు, ఎల్లుండి అంటూ ఎనిమిది నెలలు గడిచాయి. ఇంక శుక్రవారం మొదటి ప్రదర్శన.

"నాకు తెలుసు, అడిగుండవు," అన్నాడు తమ్ముడు.

"నువ్వడుగుతావేంట్రా నన్ను? ఆ చెయ్యి నువ్వెప్పుడన్నా పట్టుకున్నావా? పొద్దున్నే చొక్కా తొడిగేదెవరు? గడ్డం గీసేదెవరు? ఒకే ఇంట్లో ఉండి, వారానికోసారి గది గుమ్మంలో నిలబడి 'ఎలా ఉంది నాన్నా' అంటే కొడుకుతనం తీరిపోయిందా?"

"చేశావు కాబట్టి అమ్ముకోవచ్చన్నమాట!"

"నోరు జారకు!"

"జారేదేముంది, ఉన్నమాటంటే ఉలుకెక్కువ..."

లోపలిగది తలుపు దగ్గర మరదలు కనిపించింది. చేతిలో సూపు గిన్నె, గిన్నెలో చెంచా. ఎంతసేపట్నుంచి అక్కడుందో.

"ఇద్దరూ కాస్త ఆపుతారా? తలుపు తీసే ఉంది. మావయ్యగారికి వణికేది చెయ్యి, చెవులు కాదు."

కుళాయి కారుతున్న చప్పుడు అంతవరకూ ఎవరికీ వినబడలేదు, ఇప్పుడు బొట్టుబొట్టూ వినబడుతోంది.

"మొత్తం విన్నారు," అంది మరదలు మెల్లగా. "చూస్తానంటున్నారు వదినా."

* * *

నాన్న కిటికీ దగ్గర వాలుకుర్చీలో ఉన్నాడు. వయసులో ఉన్నప్పుడు ఆయన ఊళ్ళో దుకాణాలకి బోర్డులు రాసేవాడు. స్కేలు పెట్టకుండా గీత గీస్తే దారం వేలాడదీసినట్టుండేది. మందుల షాపులు, మంగలి షాపులు, సినిమా హాళ్ళు, ఒక్కో వీధికి ఆయనే పేరు పెట్టాడా అన్నట్టుండేది. నిచ్చెన మీద ఆయన, కింద రంగు డబ్బాలు అందిస్తూ ఆమె. అమ్మ బతికున్న రోజుల్లో నవ్వేది, 'దీనికి పెళ్ళేం చేస్తాం, దీని కాళ్ళకి తీరికేదీ? నిచ్చెన దగ్గర కూడా గంతులే' అని.

ఆమె ఫోను ఆయన ముందు బల్లమీద నిలబెట్టింది. తమ్ముడు గుమ్మానికి ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తీర్పు వినడానికొచ్చినవాడిలా ఉన్నాడు.

నాన్న చూశాడు.

ఆమె నాన్నని చూసింది. జబ్బు ఆయన చేతిని వణికించి ఊరుకోలేదు, మొహంలో కదలికని కూడా పట్టుకుపోయింది. సంతోషానికీ దుఃఖానికీ ఇప్పుడు ఒకటే మొహం. అపరిచితుడి వీపు చూసి మనసులో ఏముందో చెప్పగలదని ఆమెకి పేరు. సొంత తండ్రి మొహం ముందు మాత్రం అక్షరం రానిదానిలా కూర్చుంది.

"మళ్ళీ పెట్టు," అన్నాడు.

గొంతు కూడా సన్నబడిపోయింది. వినాలంటే దగ్గరికి వంగాలి. మళ్ళీ పెట్టింది. రెండోసారి ఆయన తెరమీదకి ఇంకాస్త వంగాడు.

"ఎవరీ కుర్రాడు?"

"మా దగ్గరే నాన్నా. కొంగ అంటాం."

"బాగా చేశాడు."

ఆమె ఊపిరి వదిలింది. తలెత్తి తమ్ముడి వైపు చూసింది. చిన్నప్పుడు ఆటలో గెలిచినప్పుడు చూసినట్టే చూసింది. తమ్ముడు కళ్ళు తిప్పుకున్నాడు.

"ఇదే చెయ్యి," అన్నాడు నాన్న. "ఇలాగే ఉంటుంది. అచ్చం." మాటకీ మాటకీ మధ్య ఇప్పుడు ఆయనకి చాలా దూరం. "వద్దమ్మడూ."

"ఏంటి నాన్నా?"

"ఆడించొద్దు."

అర్థమైంది. అర్థమైనా కానట్టే ఉండిపోయింది. "నీ పేరెక్కడా ఉండదు నాన్నా. అది నువ్వని ఎవరికీ తెలీదు. ఆ చెయ్యి ఎవరిదైనా కావచ్చు."

"నాకు తెలుసుగా."

"అదికాదు, దానర్థం నువ్వు అనుకునేది కాదు. అది జబ్బు గురించి కాదు..."

"అమ్మడూ," అన్నాడు ఆయన. "ఇంటికెవరన్నా వస్తే ఈ చెయ్యి ఎక్కడ పెడతాను?"

ఆయన ఒళ్ళో నీలం తువ్వాలు ఉంది. కుడిచెయ్యి దాని కిందే ఉంది. తువ్వాలు సన్నగా కదులుతోంది.

"చూశావా, లేదా?"

"చూశాను."

చూడటమేమిటి! ఆట మూడో భాగంలో అది కూడా పెట్టింది. కొంగ చెయ్యి బట్ట కిందకి దూరే ఆ క్షణానికి ఎన్ని రోజులు కష్టపడ్డారని! చెయ్యి మెల్లగా దూరాలా, గబుక్కున దూరాలా అని ఒక పూటంతా వాదించుకున్నారు. ఆ దాచుకోవడం ఎందుకో మాత్రం ఆమె ఆలోచించలేదు. ఎలా అన్నదే ఆలోచించింది.

"ఎవరికీ కనబడకూడదని పెడతాను," అన్నాడు నాన్న. "నా చెయ్యి నాది."

అక్కడ ఆగిపోయి ఉంటే సరిపోయేది. ఆమె ఆగలేకపోయింది. ఎనిమిది నెలల రిహార్సళ్ళు, ఇరవై ఏళ్ళ గోదాములు, తమ్ముడి సామెత, అన్నీ ఒక్కసారే గొంతులోకి వచ్చాయి.

"నీ ఒక్కడిదేనా?" అంది లేచి నిలబడి. "ప్రతి పూటా దానికి చొక్కా తొడుగుతున్నది నేను కాదూ? ఆ వణుకు పట్టుకుని పట్టుకుని నా మోచేతులు లాగేస్తున్నాయి నాన్నా. నిద్రలో కూడా నా వేళ్ళు కదులుతున్నాయి. అది నాలోకి వచ్చేసింది. నాలో ఉన్నది నేను ఆడకపోతే ఇంకెవరిది తెచ్చి ఆడను?"

జబ్బు చేసిన తర్వాత ఆయన ముందు ఆమె గొంతు లేవడం ఇదే మొదటిసారి. మరదలు గుమ్మం దగ్గరికొచ్చి ఆగిపోయింది.

నాన్న మొహంలో ఏమీ లేదు. "ఈ చెయ్యి రాసినవి ఊళ్ళో ఉన్నాయి," అన్నాడు. "చూడాలనుకునేవాళ్ళని అవి చూడమను."

"ఎక్కడున్నాయి? ఎక్కడున్నాయి నాన్నా? అన్నీ పీకేశారు! ఇప్పుడందరివీ లైట్లు వెలిగే ప్లాస్టిక్ బోర్డులు. నీ అక్షరం ఒక్కటి మిగల్లేదు ఊళ్ళో. వెళ్ళి చూస్తే తెలుస్తుంది!"

అనేసింది. అన్నాక, ఆ మాట గదిలో ఎక్కడ పడిందా అని వెతుక్కుంటున్నట్టు నలుగురూ నాలుగు వైపులా చూశారు.

"అక్కా!" అన్నాడు తమ్ముడు.

"నువ్వూరుకోరా. అది నిజమే చెప్పింది," అన్నాడు నాన్న. ఇక మాట్లాడడేమో అనుకున్నారు. "నిజమే చెప్పింది. అయినా వద్దు."

* * *

మర్నాడు పొద్దున్న ఆమె ఎప్పట్లాగే వేడినీళ్ళు, సబ్బు, రేజరు తీసుకుని నాన్న గదిలోకి వెళ్ళింది. అలకలు ఎన్ని ఉన్నా గడ్డం ఆగదు కదా.

ఆయన గడ్డం పైకెత్తాడు. ఆమె సబ్బు రాసింది. రోజూ అయితే రంగుల గురించో, పక్కింటి కుక్క గురించో ఏదో ఒకటి నడుస్తుండేది. ఇవాళ బ్లేడు చర్మం మీద గీస్తున్న చప్పుడొక్కటే.

రోజూ ఆయన కుడిచేతిని ఆమె తన ఎడమచేత్తో పట్టుకుని, ఆ చేతిని తన డొక్కకి అదుముకుని అప్పుడు రేజరు ఆడిస్తుంది. లేకపోతే వణుకు భుజం దాకా వెళ్ళి గడ్డాన్ని కదిపేస్తుంది. ఇవాళ కూడా అలవాటుగా ఎడమచెయ్యి చాపింది.

అక్కడ చెయ్యి లేదు. ఆయన దాన్ని తువ్వాలు కింద, తొడ కింద, బలంగా నొక్కిపెట్టుకున్నాడు. అతిథుల ముందు పెట్టుకున్నట్టే పెట్టుకున్నాడు.

ఆమె ఎడమచెయ్యి గాల్లోనే ఆగిపోయింది. పట్టుకోవాల్సినది లేక వేళ్ళు అలా ఒంపు తిరిగే ఉండిపోయాయి. తను కూడా ఇంటికొచ్చిన అతిథి అయిపోయిందన్నమాట.

గీసినంతవరకూ గీసి, మొహం తుడిచి, అద్దం చూపించింది. ఆయన చూసుకుని తలాడించాడు. అంతే.

వంటింట్లో తమ్ముడు ఎదురయ్యాడు. ఇస్త్రీ చొక్కా, తడి జుట్టు, చూపు మాత్రం నేలమీద.

"అక్కా, ఒక్క మాట."

"నిన్న చాలా మాటలన్నావు. ఇంకా మిగిలాయా?"

"అదికాదు... రాత్రి మా పెద్దాఫీసరు ఫోను చేశాడు. వీడియో ఆయన కూడా చూశాడట. వాళ్ళావిడ కళ్ళనీళ్ళు పెట్టుకుందట. శుక్రవారం ఆఫీసంతా వస్తామంటున్నారు. ఆయన మన ఇంటి గురించి అంత మర్యాదగా మాట్లాడతాడని నేను కలలో కూడా అనుకోలేదు."

ఆమె సబ్బు గిన్నె సింకులో పెట్టి వాడి వైపు తిరిగింది. "అయితే?"

"అయితే ఏముంది... నాన్న ఎలాగూ అంత దూరం రాలేడు. చూడడు. మనం చెప్పకపోతే సరి. నువ్వు చేసేసుకో."

ఆమె కుళాయి గట్టిగా తిప్పి కట్టేసింది.

"నిన్న నాన్న పరువు, ఇవాళ నీ ఆఫీసరు మర్యాదా?"

"నీకోసమే చెప్తున్నా! ఇరవై ఏళ్ళు దేకావు. తీరా తలుపు తెరుచుకునే వేళకి వెనక్కి తిరుగుతావా?"

"నిన్న ఇదే మాట నువ్వే అనుంటే నీ కాళ్ళకి దణ్ణం పెట్టేదాన్ని," అంది. "నిన్నటిదాకా ఆయన్ని అడగలేదు. అది నా బుద్ధిలేనితనం. ఇప్పుడు అడిగాను, వద్దన్నాడు. వద్దన్నాక చేస్తే దాన్నేమంటారో నీకు తెలీదా?"

"అబ్బ, నీతో పడలేం. చేసినా తప్పే, మానినా తప్పే!"

"అదేరా నా బాధ కూడా," అంది ఆమె. చేతులు తుడుచుకుని, భుజానికి సంచీ తగిలించుకుని బయటపడింది.

* * *

రిహార్సల్ గది వడ్రంగి దుకాణం మీద ఉంది. కింద రంపం మొదలైతే పైన సంగీతం వినబడదు. రంపం ఆగినప్పుడే ఆడాలి. బృందానికి ఇది ఎంత అలవాటంటే, రంపం చప్పుడు రాగానే ఎక్కడివాళ్ళక్కడ మంచినీళ్ళ సీసాల దగ్గరికి పోతారు. గది నిండా రంపపు పొట్టు వాసన. నేలమీద స్టేజి కొలతలకి అంటించిన తెల్లటి టేపు అక్కడక్కడా లేచిపోయింది.

కొంగ అప్పటికే కుర్చీలో కూర్చుని కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటీ వెనక్కి వంచుకుంటున్నాడు. మిగతా ముగ్గురూ గోడవార మోకాళ్ళకి పట్టీలు కట్టుకుంటున్నారు.

ఆమె నిలబడే చెప్పింది. కూర్చుంటే చెప్పలేనేమోనని. ఆ చెయ్యి మా నాన్నది. నేను ఆయన్ని అడగలేదు. నిన్న అడిగాను. వద్దన్నాడు. కుర్చీ భాగం తీసేస్తున్నాను.

ముగ్గురూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. కొంగ వేలు వంచిన చోటే ఆగిపోయాడు.

"ఆటలో సగం అదేగా అక్కా," అంది గోడవారనున్న అమ్మాయి.

"సగం కాదు, అంతా అదే. దాని బదులు ఇంకోటి ఉంది. పొద్దున్న దొరికింది. చూడండి."

చెప్పులు విడిచి టేపు గీతల మధ్యకి నడిచింది. ఆరేళ్ళయింది, ఆమె ఆడించడమే గానీ ఎవరి ముందూ ఆడి. మోకాలు ఒకటి కటుక్కుమంది. సంగీతం పెట్టమనలేదు. ఎడమచెయ్యి చాపింది. ఎవరినో పట్టుకుని డొక్కకి అదుముకున్నట్టు వేళ్ళు ఒంపు తిరిగాయి. ఆ ఒంపులో ఎవరూ లేరు. ఆ లేని చేతి బరువుకి ఆమె భుజం వంగింది, వెన్ను వంగింది, ఒక కాలు జరిగింది. లేనిదాన్ని జారిపోకుండా పట్టుకుని గది ఈ మూల నుంచి ఆ మూలకి వెళ్ళింది. వణకలేదు. ఒక్క వేలు కూడా వణకలేదు. మధ్యలో కింద రంపం మొదలైంది. ఆమె ఆగలేదు, ఎవరూ నీళ్ళకి వెళ్ళలేదు.

ఆపేసరికి రొప్పుతోంది. గోడవార అమ్మాయి కళ్ళు తుడుచుకుంటోంది.

"ఇది నాది," అంది ఆమె ఊపిరి అందుకుంటూ. "పట్టుకున్న చెయ్యి నాది. ఇది ఆడటానికి నాకెవరి అనుమతీ అక్కర్లేదు."

నిన్నట్నుంచి మొదటిసారి గుండెల మీద బరువు కాస్త దిగినట్టనిపించింది. ఆ తేలిక పట్టుమని నిమిషం నిలవలేదు.

"మరి నేను?" అన్నాడు కొంగ.

"నువ్వు మొదట్లో వీళ్ళతో పాటు ఉంటావు. చివర్లో కూడా ఏదన్నా..."

"గుంపులో."

"గుంపని కాదు..."

"గుంపేగా అక్కా. పేరేదైతేనేం?" కుర్చీలోంచి లేచాడు. లేస్తే తల దూలానికి తగిలేంత మనిషి. కోపం వస్తే గొంతు పెరగదు, ఇంకా తగ్గుతుంది. "మీ నాన్నగారు వద్దన్నారు. న్యాయమే. ఎనిమిది నెలలు ఆయన్ని అడగనిది మీరు. శిక్ష నాకా?"

"శిక్ష కాదు కొంగా. ఏం చెయ్యమంటావు చెప్పు?"

"నన్నూ అడగలేదుగా! ఎవరి చెయ్యో ఒక్కసారన్నా చెప్పారా? 'ఎవరో ముసలాయన, చిన్నప్పుడు చూశాను' అన్నారు. సొంత నాన్నగారని తెలిస్తే ముందే అడిగేవాణ్ణి, ఆయన ఒప్పుకున్నారా అని."

అబద్ధమాడిన మాట నిజం.

"మా అమ్మ నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది, తెలుసా?" అన్నాడు. "భోజనం దగ్గర చెంచా వణుకుతుంటే భయపడిపోయి. నేనేమో 'ఆటమ్మా, ఆట' అంటే ఆవిడ నమ్మదు. డాక్టరు చూసి ఏమీ లేదన్నాడు. అయినా మా అమ్మ ఇప్పటికీ నేను తినేటప్పుడు నా చెయ్యే చూస్తుంది. దీన్ని ఒంట్లోకి తెచ్చుకోవడానికి అంత పట్టింది. ఇప్పుడు తీసెయ్యమంటే చొక్కానా, విప్పెయ్యడానికి?"

ఫోను మోగింది. హాలు మేనేజరు. ఆమె తీసింది, ఏదో ఒకటి ఈ గదిలోంచి కాసేపు బయటపడేస్తుందన్న ఆశతో.

"మేడమ్, శుభవార్త! పత్రికలవాళ్ళు అడుగుతున్నారు, ఆ కుర్చీ కుర్రాణ్ణి ఒకసారి పంపుతారా? పోస్టర్ల మీద కూడా ఆ చెయ్యే వేశాం, పెద్దగా..."

"మళ్ళీ చేస్తాను," అని పెట్టేసింది.

పెట్టేసి తిరిగేసరికి కొంగ సంచీ సర్దుకుంటున్నాడు.

"ఏంటది?"

"పొద్దున నాకూ ఒక ఫోనొచ్చిందక్కా. ఇవాళ చెప్పకూడదనుకున్నా." ఊళ్ళో అందరికంటే పెద్ద బృందం పేరు చెప్పాడు. ఆమెని ఒకప్పుడు గుమ్మంలోంచే పంపించేసిన బృందం. "వీడియో చూశారు. ఆ కుర్చీ ముక్క పట్టుకుని వచ్చెయ్, మా ఆటలో పెట్టుకుంటాం అన్నారు. నేను 'అది మా అక్కది, కుదరదు' అని చెప్పి పెట్టేశాను."

"మంచి పని చేశావు."

"అప్పుడు మీదనుకున్నాను. ఇప్పుడు మీరే కాదంటున్నారు."

రంపం ఆగింది. ఆ నిశ్శబ్దంలో అతను సంచీ జిప్పు లాగిన చప్పుడు గది నిండా వినబడింది.

"కొంగా, అది మా నాన్నది!" అంది ఆమె. "నేనే ఆడనన్నదాన్ని నువ్వు తీసుకెళ్ళి ఇంకొకళ్ళ స్టేజి మీద ఎలా పెడతావు?"

"ఆయన చెయ్యి ఆయనది. ఒప్పుకున్నా. మీరు పట్టుకున్న చెయ్యి మీది. అదీ ఒప్పుకున్నా." కొంగ తన కుడిచెయ్యి పైకెత్తి ఆమె ముందు పెట్టాడు. అది కొంచెం కూడా కదలకుండా ఉంది. "మరి ఇది ఎవరిదక్కా?"

సంచీ భుజానికి వేసుకుని మెట్లు దిగడం మొదలెట్టాడు. చెక్క మెట్లు ఒక్కొక్కటే కిర్రుమన్నాయి.

ఆమె చెప్పులు లేకుండానే మెట్ల దాకా పరిగెత్తింది. వాణ్ణి ఆపాలంటే ఒకటే మాట ఉంది, కుర్చీ నీదే, రా అని. ఆ మాట అంటే, ఇంట్లో తువ్వాలు కింద చెయ్యి దాచుకుని వద్దన్న మనిషి మాట దాటినట్టే. అనకపోతే, అదే చెయ్యి రేపు ఇదే ఊళ్ళో ఇంకో స్టేజి మీద, ఆమె చూడని చోట, అడిగే దిక్కు లేకుండా వణుకుతుంది.

"ఆగు!" అంది.

కొంగ సగం మెట్ల మీద ఆగాడు. వెనక్కి తిరగలేదు. ఆమె ఏమంటుందోనని అలాగే నిలబడ్డాడు.

ఆగమన్నది గానీ, ఆ తర్వాత ఏమనాలో ఆమెకి తెలియలేదు.